ఉగాండా సర్వీస్ ట్రిప్: మూడు వారాల్లో స్నేహాలు కుదురుతాయా?

ముందు మీ ప్రశ్న ఒకసారి చెప్పుకుందాం. మీరు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నారు. వేసవి సెలవుల్లో కాలేజీ తరఫున ఒక జట్టుగా మూడు వారాల సేవా కార్యక్రమానికి ఉగాండా వెళ్తున్నారు. ముకోనో అనే పట్టణం దగ్గర ఒక పల్లెటూరి స్కూల్లో పని. "ఇంత తక్కువ రోజుల్లో అక్కడివాళ్లతో నిజంగా స్నేహం కుదురుతుందా, లేక పిల్లలతో ఫోటోలు దిగి వచ్చేయడమేనా? వాళ్ల సంస్కృతి తెలుసుకోవాలంటే ఏం చేయాలి? మా వైపు నుంచి ఏం తీసుకెళ్లాలి?" అని అడిగారు.

కుదురుతుంది. మూడు వారాలు ఉండి వెళ్లిన పిల్లలు ఏళ్లు గడిచాక కూడా ఇక్కడి స్నేహితులతో ఫోన్లో మాట్లాడుకోవడం, పెళ్లిళ్లకు పిలుచుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. అయితే అందరికీ కుదరదు. కుదిరినవాళ్లకీ కుదరనివాళ్లకీ మధ్య నాకు కనిపించిన తేడా ఒక్కటే. సేవ చేయడానికి వచ్చి కూడా, ఎదుటివాళ్ల దగ్గర మనస్ఫూర్తిగా పుచ్చుకోగలిగినవాళ్లకి స్నేహితులు దొరికారు. చివరిదాకా ఇచ్చేవాళ్లుగానే ఉండిపోయినవాళ్లకి సన్మానాలు మాత్రమే దొరికాయి.

నేను ఉద్యోగరీత్యా చాలా ఏళ్లుగా ఉగాండా రాజధాని కంపాలాలో ఉంటున్నాను. ఇండియా నుంచి, అమెరికా, బ్రిటన్‌ల నుంచి వచ్చే విద్యార్థి బృందాలకి ముకోనో, కయుంగా వైపు పల్లెల్లో బస, పని, రవాణా ఏర్పాట్లు చూస్తుంటాను. తెలుగు పిల్లలు తరచూ ఉంటారు, అమెరికా జట్లలో కూడా. కాబట్టి ఇక్కడ రాసేదంతా ఈ ఒక్క ప్రాంతం గురించే. ఉగాండాలోనే ఉత్తరాన అచోలీ ప్రాంతానికి వెళ్తే భాష వేరు, తిండి వేరు, పద్ధతులు వేరు. "ఆఫ్రికాలో ఇలా ఉంటుంది" అని ఎవరైనా చెబితే, ఏ దేశంలో ఏ ఊళ్లో అని అడగండి.

మొదటి రోజు ఏం జరుగుతుందో చెప్తాను. స్కూల్ వాళ్లు మిమ్మల్ని ముందు వరసలో కుర్చీల్లో కూర్చోబెడతారు. పిల్లలు ఎండలో నిలబడి స్వాగత గీతం పాడతారు. హెడ్‌మాస్టర్ మాట్లాడతారు, ఊరి పెద్దలు మాట్లాడతారు, ఆఖర్న మీలో ఒకరిని మాట్లాడమంటారు. అది వాళ్ల మర్యాద, దాన్ని కాదనకూడదు. కానీ ఆ కుర్చీలో ఉన్నంతసేపూ మీరు అతిథులు, వాళ్లు లబ్ధిదారులు. ఆ రెంటి మధ్య గౌరవం ఉంటుంది గానీ చనువు ఉండదు. మర్నాడు పొద్దున్నే ఆ కుర్చీ దిగాలి. ఎలా దిగాలన్నదే నా సమాధానంలో ముఖ్యమైన భాగం.

స్నేహం మీ ఈడువాళ్లతో చేయండి. ఐదారేళ్ల పిల్లలు మొదటి రోజే వచ్చి చేతులు పట్టుకుంటారు, జుట్టు ముట్టుకుని చూస్తారు, ఒళ్లో కూర్చుంటారు. చాలామంది మూడు వారాలూ వాళ్లతోనే గడిపేసి, అదే ఆత్మీయత అనుకుంటారు. ఆ పిల్లలకి మీలాంటి జట్లు ఏటా వస్తుంటాయి, వెళ్లిపోతుంటాయి. మీతో సమానంగా వాదించగలిగినవాళ్లు, మీ మాట తప్పయితే తప్పని చెప్పగలిగినవాళ్లు మీ వయసువాళ్లే. ముకోనోలోనే ఉగాండా క్రిస్టియన్ యూనివర్సిటీ ఉంది. కంపాలాలో 1922లో మొదలైన మకెరెరె యూనివర్సిటీ ఉంది. మీ ప్రోగ్రామ్ నడిపేవాళ్లని ఇప్పుడే అడగండి: మాతో పాటు అక్కడి కాలేజీ విద్యార్థులు కొందరు అదే పని, అదే బసలో ఉంటారా అని. ఉండరంటే, ఉండేలా చేయమని పట్టుబట్టండి. జట్టులో సగం మంది స్థానికులైతే సగం పని అయిపోయినట్టే. చదువంతా ఇంగ్లిష్‌లోనే కాబట్టి మాట్లాడుకోవడానికి భాష అడ్డం కాదు.

తేదీల గురించి కూడా ఇక్కడే చెప్పేయాలి, ఎందుకంటే చాలా జట్లకి ఇది తెలియదు. ఉగాండాలో విద్యా సంవత్సరం ఫిబ్రవరిలో మొదలవుతుంది. మొదటి టర్మ్ మే మొదట్లో ముగిసి, రెండో టర్మ్ మే నెలాఖరుకి గానీ మొదలవదు. మీరు మే నెలలో వస్తే స్కూలు ఖాళీగా ఉంటుంది, పైగా వానలు. జూన్‌కి మార్చుకోగలిగితే మార్చుకోండి.

ఇక పని విషయం. గోడలకి రంగులు వేయడం, ఇటుకలు పేర్చడం ఇక్కడి కుర్రవాళ్లకి మీకంటే బాగా వచ్చు. ఆ పని మీరు చేస్తుంటే వాళ్లు పక్కన కూర్చుని చూడటం ఎవరికీ బాగుండదు. పని ఏదైనా, స్థానిక మేస్త్రి చేతి కింద, అక్కడి విద్యార్థులతో కలిసి చేయండి. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒక బోరింగుది.

మన ఊళ్లలో ఉండే చేతి బోరింగు, ఇండియా మార్క్ 2, 1970ల్లో యూనిసెఫ్ తోడ్పాటుతో మన దేశంలో రూపొందింది. ఉగాండా పల్లెల్లో ఎక్కువగా కనిపించేది దాని రూపమే, ఇక్కడ యూ-2 అంటారు. ఒకసారి నల్గొండ వైపు నుంచి వచ్చిన కుర్రాడు స్కూలు దగ్గర దాన్ని చూసి, "ఇది మా తాతగారింటి ముందు బోరింగే!" అని పరిగెత్తుకెళ్లి కొట్టాడు. నీళ్లు రాలేదు. లోపల వాషర్లు అరిగిపోయాయి. మర్నాడు ఊరి పంపు మెకానిక్ వచ్చాడు. పైన తల విప్పి, గొలుసు ఊడదీసి, లోపలి రాడ్లతో సహా పైపులు ఒక్కొక్కటే పైకి లాగాలి. ఒక్కో ఇనప పైపు మూడు మీటర్లు. పైకి వచ్చేకొద్దీ పట్టు వేసి బిగించి, పై పైపు విప్పి పక్కన పెట్టి, మళ్లీ లాగాలి. ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు. తెలుగు పిల్లలు, స్కూలు పెద్ద క్లాసు పిల్లలు ఒకే రాడ్డు పట్టుకుని, మెకానిక్ కేక వేసినప్పుడల్లా ఒక్కసారిగా ఎత్తారు. జారితే మొత్తం గొట్టం బావిలో పడిపోతుంది, అందుకని ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉండి తీరాలి. సాయంత్రానికి నీళ్లు వచ్చాయి. పసుపు పచ్చ నీళ్ల డబ్బాల (జెర్రీక్యాన్ల) వరస రోడ్డు దాకా ఉంది. ఆ జట్టులో ఎవరు ఎవరికి సేవ చేశారో చెప్పలేం. మెకానిక్ నేర్పాడు, అందరూ నేర్చుకున్నారు. ఆ కుర్రాడికి ఇక్కడ ఉన్న స్నేహితులందరూ ఆ రోజు పైపు పట్టుకున్నవాళ్లే.

ఇరవై లీటర్ల జెర్రీక్యాన్ అంటే ఇరవై కిలోలు. పదేళ్ల అమ్మాయి దాన్ని మోసుకుంటూ ఇంటికి వెళ్తుంటే మీకు కళ్లు చెమరుస్తాయి. జాలిపడి ఫోటో తీయకుండా, ఆ అమ్మాయి పక్కన మీరూ ఒకటి మోయండి. దారిలో ఆ అమ్మాయి మీకు ఎలా మోయాలో చెబుతుంది.

వంటింట్లోకి వెళ్లండి. ముకోనో ఉన్న ఈ బుగాండా ప్రాంతంలో ప్రధాన ఆహారం మటోకె. పచ్చి అరటికాయల్ని చెక్కు తీసి, అరటాకుల్లో మూటకట్టి, కుండ అడుగున అరటి తొడిమలు పరిచి ఆవిరి మీద చాలాసేపు మగ్గనిస్తారు. తర్వాత ఆ మూటను అలాగే చేతులతో అదిమి మెత్తగా చేస్తారు. దాంతోపాటు వేరుశనగల పొడితో చేసిన పులుసు ఉంటుంది. రోజూ మూడు పూటలా ఇదే పెడుతున్నారేమిటి అని విసుక్కునే పిల్లల్ని చూశాను. వండటం నేర్చుకున్న పిల్లలు మాత్రం విసుక్కోలేదు.

అమలాపురం దగ్గర నుంచి వచ్చిన ఒక అమ్మాయి, తను ఉన్న ఇంట్లో అవ్వ మటోకె చెక్కు తీస్తుంటే వెళ్లి పక్కన చాప మీద కూర్చుంది. కాసేపటికే జిగురు అంటుకుని వేళ్లు నల్లబడ్డాయి. అవ్వకి ఒకటే నవ్వు. ఆ అమ్మాయి లోపలికి వెళ్లి నూనె తెచ్చి అరచేతులకి రాసుకుంది. మన ఇళ్లలో అరటికాయ తరిగేముందు చేసేదే. అవ్వ కత్తి ఆపి, ఆ అమ్మాయి చేతులు పట్టుకుని తిప్పి చూసి, తన చేతులకీ కొంచెం రాయమంది. ఆ సాయంత్రం అమ్మాయి కంపాలా నుంచి శనగపిండి తెప్పించి అరటికాయ బజ్జీలు వేసింది. పక్కిళ్లవాళ్లు కూడా వచ్చారు. అరటికాయని నూనెలో వేయించడం వాళ్లకి కొత్త కాదు, పిండిలో ముంచడమే కొత్త. మర్నాటి నుంచి ఆ అమ్మాయిని వంటింట్లోకి పిలవడం మొదలుపెట్టారు. పిల్లల చదువులు, ఇంటి ఖర్చులు, పెద్ద కొడుకు నగరం నుంచి డబ్బు పంపడం లేదన్న బాధ, అన్నీ చెప్పుకున్నారు. ముందు వరస కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఇవేవీ ఎవరూ చెప్పరు.

శాకాహారులైతే భయపడక్కర్లేదు. మొక్కజొన్న పిండితో చేసే పోషో, చిక్కుడు గింజల కూర స్కూలు పిల్లల రోజువారీ భోజనం. డోడో అని తోటకూర దొరుకుతుంది, పనసపండ్లు బోలెడు. కాకపోతే అతిథి వస్తే కోడిని కోయడం ఇక్కడ పెద్ద మర్యాద. కోసి వండాక తినను అంటే వాళ్లు చిన్నబుచ్చుకుంటారు. వాళ్లింటికి వెళ్లే ముందు రోజే చెప్పండి. మతం అనో, ఇంటి ఆచారం అనో చెబితే వెంటనే అర్థం చేసుకుంటారు, వాళ్లకీ తినకూడనివి ఉన్నాయి.

ఈ తినకూడనివాటి వెనకున్నది తెలుగువాళ్లకి చాలా ఆసక్తిగా ఉండే విషయం. బుగాండాలో ప్రతి మనిషికీ ఒక వంశం ఉంటుంది. సంప్రదాయంగా 52 వంశాలని చెబుతారు. ఒక్కో వంశానికి ఒక జంతువో చేపో మొక్కో గుర్తుగా ఉంటుంది, తమ వంశపు గుర్తుని ఆ వంశంవాళ్లు తినరు. సింహం, ఊపిరితిత్తుల చేప, మిడత, ఇలా. ఒకే వంశంవాళ్లు పెళ్లి చేసుకోకూడదు. కొత్తవాళ్లు కలిస్తే ముందు ఏ వంశమో తెలుసుకుంటారు, దాన్ని బట్టి వరసలు కలుపుకుంటారు. మన గోత్రాలు, ఇంటిపేర్లు, "మీదే ఊరు, ఎవరి తాలూకు" అనే ప్రశ్నలు గుర్తొస్తున్నాయి కదా. ఇద్దరు ఉగాండా అబ్బాయిలకి సగోత్రం సంగతి చెబితే, రాత్రి చాలాసేపటిదాకా ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు: ఇంటిపేరు వేరై గోత్రం ఒకటైతే ఏమిటి, మేనరికం ఎలా ఒప్పుకుంటారు, దాన్ని ఇప్పటి పిల్లలు పాటిస్తున్నారా అని. మేనమామ కూతుర్ని చేసుకోవచ్చన్న మాటకి మాత్రం వాళ్లు నిజంగా నిర్ఘాంతపోయారు. సంస్కృతి తెలుసుకోవడమంటే ఇదే. స్టేజీ మీద వాళ్ల డాన్సు ఒకటి, మన డాన్సు ఒకటి చూపించుకోవడం కంటే ఇలాంటి సంభాషణ ఎన్నో రెట్లు విలువైనది.

మిమ్మల్ని ఇష్టపడితే ఆ ఇంటివాళ్లు మీకూ ఒక గాండా పేరు పెడతారు, వాళ్ల వంశపు పేరే. దాన్ని ముద్దుపేరుగా తీసుకోకండి. ఆ పేరు పెట్టారంటే ఆ ఇంటి అమ్మాయిగా లెక్క. అక్కడి పెద్దాయన మీకు తండ్రి వరస, వాళ్లబ్బాయి అన్నయ్య. ఇంట్లో చావో పెళ్లో జరిగితే మీకు కబురు వస్తుంది. వచ్చినప్పుడు తిరిగి ఫోన్ చేయాల్సిన బాధ్యత మీది.

పలకరింపుల విషయంలో ఓపిక పట్టండి. బాగున్నారా అని ఒక్క మాట అనేసి పనిలోకి దిగిపోతే మోటుగా అనిపిస్తుంది. రాత్రి ఎలా గడిచింది, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు అని నెమ్మదిగా అడగాలి. పనిచేస్తున్న మనిషిని దాటి వెళ్తుంటే "జ్యేబాలే కో" అని పలకరించాలి, భోజనమయ్యాక వండినవాళ్లకి "వెబాలే ఓకుఫుంబా" అని థాంక్స్ చెప్పాలి. ఈ రెండూ నేర్చుకుని రండి. అమ్మాయిలు, ఆడవాళ్లు పెద్దల ముందు మోకాళ్ల మీద కూర్చుని పలకరిస్తారు. మీరూ అలా చేయాలని ఎవరూ అనుకోరు. కానీ మీకంటే పెద్దావిడ మీ ముందు మోకరిల్లి మంచినీళ్లు ఇచ్చినప్పుడు కంగారుపడి ఆవిడ చేతులు పట్టుకుని లేపేయకండి. తీసుకుని తలవంచి థాంక్స్ చెప్పండి. ఆ పద్ధతి మీద మీ అభిప్రాయం ఏదైనా ఉండొచ్చు. దాని గురించి మీ ఈడు అమ్మాయిల్ని అడగండి, వాళ్లలోనే రకరకాల అభిప్రాయాలు వినిపిస్తాయి.

గడియారం సంగతి ఒకటి. ఇక్కడి భాష లుగాండాలో గంటలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. మన ఏడు గంటలు వాళ్లకి ఒంటిగంట, మన మధ్యాహ్నం ఒంటిగంట వాళ్లకి ఏడు. ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు మనలాగే చెబుతారు గానీ, ఊళ్లో పెద్దవాళ్లతో ఏదైనా అనుకుంటే ఏ లెక్కో అడిగి తెలుసుకోండి.

ఆటల్లో మీకు తప్పకుండా నచ్చేది ఒమ్‌వేసో. మన వామనగుంటలకి దగ్గరి చుట్టం. మనకి రెండు వరసల్లో ఏడేసి గుంటలైతే, దీనికి నాలుగు వరసల్లో ఎనిమిదేసి, మొత్తం 32 గుంటలు, 64 గింజలు. ఇద్దరికీ చెరో రెండు వరసలు. మన ఆటలో గెలిచిన పిక్కలు పక్కన పెట్టేసుకుంటాం. ఇందులో ఎదుటివాడి గింజలు పట్టుకున్నా మళ్లీ మీ గుంటల్లోనే పంచుకుంటూ పోవాలి, ఎదుటివాడికి కదపడానికి ఏమీ లేకుండా చేస్తే గెలుపు. చాలా వేగంగా ఆడతారు, చెట్ల కింద, రేడియోలు బాగుచేసే షాపుల ముందు. అమ్మమ్మ దగ్గర వామనగుంటలు నేర్చుకున్న ఒక అమ్మాయి ఈ ఆట చూసి వదల్లేదు. రోజూ ఓడిపోయేది, రోజూ వెళ్లేది. ఆఖరి వారంలో నేల మీద గుంటలు తవ్వి వాళ్లకి మన ఆట నేర్పింది, అందులోనూ వాళ్లు రెండో రోజే ఆవిణ్ని ఓడించారు. కోలాటం కూడా బాగా పనికొస్తుంది. ఎవరైనా వచ్చి కలవొచ్చు, అడుగు తప్పినా వలయం ఆగదు. వాళ్ల డప్పులకి కోలాటం వేస్తే ఎలా ఉంటుందో ఒకసారి ప్రయత్నించి చూడండి.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయాలు.

మిమ్మల్ని ఇక్కడ "ముయిండి" అంటారు, భారతీయురాలు అని. దాని వెనక పెద్ద చరిత్ర ఉంది, తెలుసుకోకుండా రావద్దు. 1896 నుంచి 1901 దాకా మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు వరకు రైలు మార్గం వేయడానికి బ్రిటిష్‌వాళ్లు మన దేశం నుంచి సుమారు 32 వేల మంది కూలీల్ని తెచ్చారు. చాలామంది చనిపోయారు, చాలామంది తిరిగి వెళ్లిపోయారు, కొందరు ఉండిపోయారు. ఆ తర్వాత వచ్చిన గుజరాతీ, పంజాబీ, గోవా కుటుంబాల చేతుల్లోకి వ్యాపారం చాలావరకు వెళ్లింది. 1972 ఆగస్టులో అప్పటి ఉగాండా నియంత ఈదీ అమీన్ ఆసియావాళ్లందరికీ 90 రోజుల గడువు పెట్టి వెళ్లగొట్టాడు. చాలా ఏళ్ల తర్వాత, అధ్యక్షుడు ముసెవెని ప్రభుత్వం 1990ల్లో వాళ్లని తిరిగి రమ్మని ఆస్తులు వెనక్కి ఇచ్చింది. మనవాళ్లకి ఇది అన్యాయంగా తరిమేసిన కథ, అది నిజమే. ఇక్కడి పెద్దవాళ్లలో కొందరికి, తమ ఊళ్లో తమని నౌకర్లుగానే చూసిన దుకాణదారుల కథ కూడా. అదీ నిజమే. మీ స్నేహితుల తాతలు ఎవరైనా చెబితే వాదించకుండా వినండి. కంపాలా నుంచి ముకోనో మీదుగా వెళ్లే అదే రోడ్డు మీద జింజా ఉంది, నైలు నది విక్టోరియా సరస్సు నుంచి బయటికొచ్చే చోటు. 1948లో గాంధీజీ చితాభస్మంలో కొంత అక్కడ కలిపారు, ఇప్పుడు విగ్రహం ఉంది. సెలవు రోజున మీ ఉగాండా స్నేహితులతో కలిసి వెళ్లండి. దారిలో నమవొజ్జోలో అనే ఊరి దగ్గర బస్సు ఆగగానే కాల్చిన అరటిపండ్లు, పుల్లలకి గుచ్చిన కోడి అమ్మేవాళ్లు కిటికీల దాకా వస్తారు.

రంగు గురించి మన ఇళ్లలో మాట్లాడే మాటలు ఇంట్లోనే వదిలేసి రండి. నిజానికి ఇంట్లో కూడా వదిలేయండి. నేను ఇది మెత్తగా చెప్పలేను. తెలుగులో అంటే ఎవరికీ అర్థం కాదనుకుని, ఎదురుగా ఉన్న మనిషి రంగు గురించి, జుట్టు గురించి నవ్వుకునే పిల్లల్ని చూశాను. భాష రాకపోయినా నవ్వు అందరికీ అర్థమవుతుంది. హైదరాబాద్‌లో, విశాఖలో చదువుకునే ఆఫ్రికా విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఇల్లు అద్దెకి దొరక్క, బస్సులో పక్కన ఎవరూ కూర్చోక వాళ్లు పడ్డ అవమానాలు ఇక్కడికి తిరిగొచ్చాక చెబుతారు. "ఇండియాలో మా అన్నయ్యతో ఎందుకలా చేశారు?" అని మీ స్నేహితురాలు అడగొచ్చు. జవాబు సిద్ధం చేసుకుని రావాల్సిన పనిలేదు. మీ క్యాంపస్‌లోనో పక్క క్యాంపస్‌లోనో ఉన్న ఉగాండా, టాంజానియా విద్యార్థుల్ని ఈ నెలలోనే కలవండి, భోజనానికి పిలవండి. ఈ ట్రిప్‌కి అంతకంటే మంచి తయారీ లేదు. వాళ్లని మాసాబ్‌ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్‌కి తీసుకెళ్లి, నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్ల ఆ పేటకి ఆ పేరు వచ్చిందని చెప్పండి. మీకే తెలియకపోతే కలిసే తెలుసుకోండి.

డబ్బు. ఇది రాయకుండా స్నేహం గురించి రాస్తే సగమే చెప్పినట్టు. మీరు తిరిగి వెళ్లిన కొన్ని వారాలకి వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది: ఫీజు తక్కువైంది, కాస్త సాయం చేయగలవా అని. చాలామంది ఇక్కడే బెదిరిపోతారు. "ఓహో, స్నేహమంతా ఇందుకేనా" అనుకుంటారు. వరంగల్ కుర్రాడొకడు అలాగే టెన్షన్ పడి జవాబివ్వడం మానేశాడు. అడిగిన అబ్బాయి తర్వాత నాతో అన్నాడు, "లేదు అంటే సరిపోయేది కదా. నేను మా మామయ్యనీ అడిగాను, చర్చిలోనూ అడిగాను, వాణ్నీ అడిగాను. వాడు మాట్లాడటమే మానేశాడు." ఇక్కడ ఒక పిల్లాడి చదువుకి చుట్టాలు, ఊరివాళ్లు తలా కొంత వేయడం మామూలు. అడగడం సిగ్గుపడే విషయం కాదు, లేదనడమూ తప్పు కాదు. మీ దగ్గర లేకపోతే స్పష్టంగా లేదని చెప్పి, పరీక్షలు ఎలా రాశావని అడగండి. స్నేహం నిలుస్తుంది.

ఇవ్వగలమో లేదో తెలియని మాట మాత్రం ఇవ్వకండి. "నిన్ను ఇండియాలో చదివిస్తాను", "వచ్చే ఏడు మళ్లీ వస్తాను" అనే మాటలు వీడ్కోలు రోజు ఏడుపులో నోటంట వచ్చేస్తాయి. మీరు మర్చిపోతారు, వాళ్లు మర్చిపోరు. సాయం చేయాలనిపిస్తే జట్టుగా కూడబెట్టి నేరుగా స్కూలు ఖాతాకి కట్టి, రసీదు తీసుకోండి. దారిన పోయే పిల్లలకి చాక్లెట్లు, డబ్బులు పంచొద్దు. దానివల్ల మీ తర్వాత వచ్చే జట్టు వెనక పిల్లలు చేతులు చాచుకుని పరిగెడతారు, వాళ్ల తల్లిదండ్రులు తలదించుకుంటారు.

మీ షెడ్యూల్లో అనాథాశ్రమ సందర్శన ఉంటే తీసేయమని అడగండి. అక్కడి పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో దగ్గరి బంధువులో ఉంటారు. వచ్చిపోయే విదేశీయుల కోసం వాళ్లని చూపించడం ఆ పిల్లలకి మంచిది కాదు. ఫోటోలు కూడా అంతే. మీ చెల్లెలి ఫోటో ఒక అపరిచితుడు తీసి పెడితే మీరు ఒప్పుకోని చోట, ఇక్కడి పిల్లల ఫోటో పెట్టకండి.

ఇక ఏం తీసుకురావాలంటే, ముందు మీ ఇంటి ఫోటోలు, కాగితం మీద ప్రింట్ చేయించినవి. ఇక్కడ ఇంటికి అతిథి వస్తే ఫ్యామిలీ ఆల్బమ్ తెచ్చి చేతికిస్తారు. మీరు పేజీలు తిప్పుతుంటే పక్కన కూర్చుని ఎవరెవరో చెబుతారు. అప్పుడు మీరూ మీ ఆల్బమ్ తీస్తే ఇక మాటలకి కొదవ ఉండదు. పొలం, అమ్మానాన్న, అక్క పెళ్లి, పండగ రోజు ముగ్గు, అన్నీ పెట్టండి. ఫోన్లో చూపిస్తే ఆ తీరు రాదు. సున్నుండలు, జంతికలు సీలు వేయించి తెచ్చుకోండి. వామనగుంటలకి చింతపిక్కలు మోసుకురావద్దు, విత్తనాలని ఎయిర్‌పోర్టులో ఆపొచ్చు, ఇక్కడి గింజలతోనే ఆడొచ్చు. పుస్తకాలు, పెన్నులు మూటలు కట్టుకుని రావద్దు. స్కూల్‌కి ఏ పాఠ్యపుస్తకాలు కావాలో హెడ్‌మాస్టర్ని అడిగి కంపాలాలో కొనండి, ఇక్కడి దుకాణం కూడా బతుకుతుంది.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ఉగాండాలోకి రావడానికీ కావాలి, తిరిగి ఇండియాలో దిగినప్పుడూ కార్డు చూపించాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. వేసుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది కాబట్టి ఆఖరి వారానికి పెట్టుకోకండి. మలేరియా మాత్రల గురించి డాక్టర్ని అడగండి, ఇక్కడ దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు. వీసా ఏ రకంది తీసుకోవాలో, వాలంటీర్ పనికి అది సరిపోతుందో మీ కాలేజీ చేత రాతపూర్వకంగా కనుక్కోండి.

జూన్ 3 ఇక్కడ ఉగాండా మార్టిర్స్ డే. 1885-87 మధ్య బుగాండా రాజు (కబాకా) ముఆంగా కాలంలో చంపేసిన క్రైస్తవ యువకుల స్మృతి. వాళ్లలో చాలామందిని చంపిన చోటు, కంపాలా దగ్గరి నముగొంగోకి దేశం నలుమూలల నుంచీ, పక్క దేశాల నుంచీ జనం రోజుల తరబడి నడిచి వస్తారు. ముకోనో వైపు నుంచి వచ్చే కాలినడక జట్లలో కాలేజీ పిల్లలు చాలామంది ఉంటారు. మతం వేరైనా కలిసి నడవనిస్తారు. తిరుమల మెట్లెక్కిన వాళ్లకి ఆ వాతావరణం కొత్తగా ఉండదు. మీ తేదీలు జూన్‌కి మారితే నాకు చెప్పండి, మీ జట్టు ఏ ఊరివాళ్లతో కలిసి నడవొచ్చో కనుక్కుని చెబుతాను.